పన్నెండో నిమిషం

నేపర్‌విల్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు, ఒక చలికాలం నేను సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాను. మా ఆయన పొద్దున్నే రైలెక్కి షికాగో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. ఆయన లాప్‌టాప్ ఆయనతోనే పోయేది. నాది డిపెండెంట్ వీసా. దాని మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చేయడానికి అప్పట్లో వీల్లేదు. హైదరాబాదులో రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి వచ్చినదాన్ని, వంటయ్యాక చేయడానికి పనేమీ ఉండేది కాదు. హాస్టల్ రోజుల్లో కంప్యూటర్ గేములు బాగా ఆడేదాన్ని. చవకలో పనికొచ్చే భాగాలేవో నెల రోజులు చదివి జాబితా రాసుకున్నాను. ఒక్కో అట్టపెట్టే వచ్చి గుమ్మం ముందు మంచులో కూర్చునేది.

మా అత్తగారు అప్పుడు ఏలూరు నుంచి వచ్చి మాతో ఉన్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారని తెలుసు. అంతకుమించి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పగలంతా ఒకే ఇంట్లో ఉంటూ మర్యాదగా, కొద్దికొద్దిగా మాట్లాడుకునేవాళ్ళం. నేను కార్పెట్ మీద స్క్రూలు పరుచుకుని కూర్చుంటే ఆవిడ సోఫాలోంచి చూసేవారు. ఏం చేస్తున్నావని ఒక్కసారీ అడగలేదు.

కంప్యూటర్ మొదటిసారికే ఆన్ అయింది. లారీ నడిపే గేమ్ ఒకటి పెట్టాను. రోడ్డు, వాన, ఎదురొచ్చే లైట్లు అన్నీ సాఫీగా సాగాయి. కాసేపటికి తెర మీది బొమ్మ ముక్కలు ముక్కలుగా కదలడం మొదలుపెట్టింది. సెకనుకు అరవై బొమ్మలు రావలసిన చోట ఇరవై కూడా రావడం లేదని మూలనున్న అంకె చెబుతోంది. లారీ వెళ్ళి డివైడర్‌కి గుద్దుకుంది.

తర్వాతి వారమంతా దానితోనే గడిచింది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. సెట్టింగులు తగ్గించాను. మెమరీ స్టిక్కులను ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కి మార్చాను. ఇంటర్నెట్‌లో అడిగితే ఒకరు పవర్ సప్లై చాలదన్నారు, ఇంకొకరు విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. అదీ చేశాను. ఏం మారలేదు. గ్రాఫిక్స్ కార్డే పాడై వచ్చిందని తేల్చుకుని, వెనక్కి పంపడానికి లేబుల్ ప్రింట్ చేసుకున్నాను.

"రిటర్న్ చేసెయ్, ఇంకోటి పంపిస్తారు. ఎందుకంత స్ట్రెస్ అవుతావ్?" అన్నారు మా ఆయన భోజనం దగ్గర.

మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. చేతిలో స్పైరల్ నోట్‌బుక్ ఉంది.

"అమ్మాయ్, అది ఎన్ని నిమిషాలకి మొదలవుతోందో చూశావా?"

"చూళ్ళేదండీ. ఎప్పుడు పడితే అప్పుడే అవుతోంది."

"కాదు. నాలుగు రోజుల్నించి నేను రాస్తున్నాను. పదకొండో నిమిషానికో పన్నెండుకో మొదలవుతోంది. నువ్వు లేచి అన్నం తిని వచ్చాక మళ్ళీ పన్నెండు నిమిషాలు బాగుంటోంది. ఆటలో వానైనా ఎండైనా అంతే."

నోట్‌బుక్ చూశాను. మొదలైన టైము, చెడిన టైము, ఆపిన టైము, పక్కన ఒక ముక్క వివరణ. గళ్ళు స్కేలుతో గీశారు. టెస్టింగ్ చేసిన రెండేళ్ళలో నేను ఇంత శుభ్రంగా ఒక్క రిపోర్టూ రాయలేదు. నాకు సిగ్గేసింది, కొంచెం కోపమూ వచ్చింది.

"మా ఎక్స్ఛేంజ్‌లో పై ఊళ్ళకి వెళ్ళే ట్రంక్ లైన్ చెడితే ఇలాగే రాసేవాళ్ళం. టైము రాయకపోతే లైన్‌మన్ ఒప్పుకునేవాడు కాదు. వేడెక్కుతోందేమో చూడు."

"ఫ్యాన్ తిరుగుతోంది కదండీ," అన్నాను.

అయినా నేను ఆడుతూ గడియారం కూడా చూడటం కుదరదని, ఆ సాయంత్రం ఆవిడనే ఆడమన్నాను. స్టీరింగ్‌కి ఏ కీలో, బ్రేక్‌కి ఏదో చూపించాను. మొదటి రోజు లారీ పార్కింగ్ దాటి బయటకు రాలేదు. రెండో రోజుకి హైవే ఎక్కింది. ఆవిడ గంటకు నలభై మైళ్ళు దాటేవారు కాదు. వెనక కార్లు హారన్ కొడుతుంటే "పోనీ, పక్కనించి పొమ్మను" అనేవారు. ఆవిడ నడుపుతుంటే నేను అంకెలు రాశాను. పన్నెండో నిమిషం. మళ్ళీ పన్నెండు. ఒకసారి పదకొండున్నర.

శుక్రవారం ఆవిడ కార్పెట్ వాక్యూమ్ చేస్తూ, గొట్టం తగిలి పడిపోతుందని కంప్యూటర్ డబ్బాని పక్కకి పడుకోబెట్టారు. తర్వాత ఆ సంగతి మర్చిపోయి అలాగే ఆటకి కూర్చున్నారు. నేను గిన్నెలు కడుగుతున్నాను.

"అమ్మాయ్, ఇరవై ఐదు నిమిషాలైంది. ఇంకా రాలేదు," అన్నారు.

చేతులు తుడుచుకుంటూ వచ్చాను. నలభై నిమిషాలకీ రాలేదు. డబ్బా నిలబెట్టాం. కాసేపటికి బొమ్మ ముక్కలైంది. మళ్ళీ పడుకోబెట్టాం, కుదుటపడింది. కావాలని ఇంకోసారి చేశాం. అప్పుడిక నాకు అనుమానం లేదు.

మూత తీశాను. ప్రాసెసర్ మీద దాని వేడిని లాగే అల్యూమినియం దిమ్మ, దాని పైన ఫ్యాను, నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. ఆవిడ ఒక్కొక్కదాన్నీ వేలితో కదిపారు.

"ఇది ఊగుతోంది."

పైన ఎడమవైపు పిన్ను పూర్తిగా దిగలేదు. డబ్బా నిలబడితే దిమ్మ బరువుకి ఒక పక్క వదులై ప్రాసెసర్ వేడెక్కుతోంది, వేడెక్కి నెమ్మదిస్తోంది. పడుకోబెడితే అదే బరువుతో దిమ్మ అతుక్కుంటోంది. ఆ పిన్ను నొక్కిన రోజు నాకు గుర్తుంది. కిందనున్న మదర్‌బోర్డు విల్లులా వంగుతుంటే విరిగిపోతుందని భయపడి, క్లిక్ వినకుండానే చెయ్యి తీసేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అప్పుడు ఆవిడకి చెప్పాను.

"భయపడితే ఎవరికైనా చెయ్యి ఆగుతుంది," అన్నారావిడ.

దిమ్మ ఊడదీస్తే, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య వేడి దాటడానికి రాసే పేస్టు కొత్తది రాయాలి. దాని ట్యూబు రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ డబ్బా పడుకునే ఉంది, ఆవిడ లారీ నడుపుతూనే ఉన్నారు. నడుపుతూ మాట్లాడారు. ఇరవై రెండేళ్ళకి ఉద్యోగంలో చేరిన సంగతి, తుఫానుకి లైన్లన్నీ తెగిన రోజు స్విచ్‌బోర్డు ముందునుంచి లేవకుండా కూర్చున్న సంగతి, ఆపరేటర్ అక్కర్లేని ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ వచ్చాక తమ గది తాళం వేసి వేరే సెక్షన్‌లో ఫైళ్ళ ముందు కూర్చోబెట్టిన సంగతి. వీటిలో సగం మా ఆయనకీ తెలియదని తర్వాత తెలిసింది.

పేస్టు వచ్చాక బోర్డు బయటకు తీసి బిగించాం. ఆవిడ వెనకనుంచి అరచెయ్యి ఆనించి పట్టుకున్నారు, నేను బొటనవేళ్ళతో నొక్కాను. నాలుగు క్లిక్కులూ ఇద్దరికీ వినిపించాయి. డబ్బా నిలబెట్టి గంటన్నర ఆడించాం. అంకె అరవై దగ్గరే నిలిచింది. గ్రాఫిక్స్ కార్డు రిటర్న్ క్యాన్సిల్ చేశాను.

తప్పు దొరికాక ఆవిడకి ఆట మీద ఆసక్తి తగ్గింది. నాలుగైదు రోజులు మొహమాటానికి కూర్చున్నారు, తర్వాత టీవీ ముందుకి వెళ్ళిపోయారు. నేను ఒకటి రెండుసార్లు పిలిచాను.

"బాగానే నడుస్తోందిగా. ఇంక నేనెందుకు?" అన్నారు.

మా మధ్య పెద్ద స్నేహం కుదిరిందని చెప్పలేను. మళ్ళీ మర్యాదగానే ఉన్నాం, కాకపోతే మాటలు కొంచెం పెరిగాయి. వంటింట్లో మిక్సీ చప్పుడు మారితే నన్ను పిలిచేవారు, ఇద్దరం వంగి వినేవాళ్ళం. ఏప్రిల్‌లో వీసా గడువు దగ్గరపడి ఆవిడ ఏలూరు వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో సామాను బరువు ఎక్కువైతే పెట్టె విప్పి రెండు స్వెట్టర్లు తీసి నాకిచ్చారు. అవి నాకు పొట్టి. అయినా తీసుకున్నాను.