సున్నాల మధ్య గొణుగుడు

అచ్చాఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దిన తాతగారికి తన కంటిమీద మహా గురి. తన పెన్సిలు చప్పుడు వింటే తప్పులు వాటంతటవే కాగితం దిగి పారిపోయేవని చెప్పుకునేవారు. తాను దిద్దిన తన పెళ్లిపత్రికలో తన పేరే తప్పుపడిన సంగతి మాత్రం ఆ కథలో ఉండేది కాదు.

ఆ ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. ప్రూఫు పక్కన రాసిన మాట చుట్టూ సున్నా చుడితే, అది దిద్దేవాడి సొంత గొణుగుడు. మిగతావాళ్లు చూడనట్టే ఉండాలి.

బస్సు కండక్టరుగా రిటైరైన బావమరిది తన జీవితకథ రాశాడు. మనవరాలు దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టి, చుట్టాలంతా పక్కన కామెంట్లు రాసే ఏర్పాటు చేసింది. "బావ సరేనంటేనే అచ్చుకిస్తా" అన్నాడు బావమరిది. తాతగారు మీసం దువ్వారు.

తెరమీద సున్నా చుట్టడం చేతకాక, గొణుగుళ్లకు అటొకటీ ఇటొకటీ సున్నా పెట్టారు. '0 ఈ పేజీ ఉంటే నిద్రమాత్రలు దండగ 0'. '0 బస్సు కదిలింది, కథ కదల్లేదు 0'. అలా వారంపాటు హాయిగా గొణుక్కున్నారు.

ఆదివారం భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏవండీ, మా తమ్ముడి రాత నిద్రమాత్రా?"

"నీకెలా తెలుసు?"

"నాకేంటి, పదిహేడుమందికి తెలుసు. మా పిన్నయితే పగలబడి నవ్వే బొమ్మ కూడా పెట్టింది."

"సున్నాలు పెట్టానుగా. చూడకూడదు."

"సున్నాలు పెడితే కంప్యూటరు కళ్లు మూసుకోదు తాతయ్యా" అంది మనవరాలు. "ఇప్పుడు చెరిపినా లాభంలేదు. అందరి మెయిళ్లకీ వెళ్లిపోయాయి."

తాతగారు తన ఫోను తీసి చూసుకున్నారు. బావమరిది మూడు రోజులుగా ఫోను చేయలేదు. పుస్తకం అటకెక్కించేశాడేమో. అంతలో పన్నెండో పేజీ గుర్తొచ్చి మరీ చితికిపోయారు.

తన పెళ్లికి రాలేదని నలభై ఏళ్లుగా బావమరిదిని దెప్పుతున్నది ఆయనే. సెలవు దొరకక, ఆ ముహూర్తానికి పెళ్లింటి ముందునుంచి బస్సులో పోతూ, అక్కకోసం గంట రెండుసార్లు ఎక్కువ కొట్టానని ఆ పేజీలో ఉంది. పక్కన తాతగారి గొణుగుడు: '0 ఆ రోజు వినపడలేదు. ఇవాళ వినపడింది. కళ్లు తడిశాయి. వాడికి తెలియకూడదు 0'.

ఆ పేజీ తెరిచారు. కింద జవాబు ఉంది.

'తెలిసింది బావా. ఈ పేజీ ఉంచి, నువ్వు తిట్టినవన్నీ కోసేశాను, అందుకే మూడు రోజులు పట్టింది. అచ్చుకివ్వనా? 0 నీ పెళ్లిపత్రిక సంగతి కూడా కలిపాను. ఎవరూ చూడకూడదు 0'.

తాతగారు 'సరే' అని రాశారు. సున్నాలు పెట్టలేదు.