మెడ మీద లేచిన వాపు

హెచ్.ఐ.వి.కి ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో నేను టెక్కలిలో వైద్యుడిగా ఉండేవాణ్ణి. అంతకుముందు ఆ వ్యాధితో వచ్చినవారికి నేను చేయగలిగింది విరేచనాలు కట్టించడం, నోటిపూతకు మందివ్వడం, ఇంటివాళ్ళను పక్కకు పిలిచి నెమ్మదిగా మాట్లాడటం. కొత్త మందులు వచ్చాక, ఇద్దరు చేతులు పట్టుకుని దింపిన మనుషులు కొన్ని నెలలకు తామే బస్సు దిగి నడిచి వచ్చేవారు. అలా తేరుకుంటున్న మనిషికి హఠాత్తుగా జ్వరం వచ్చి, మెడలోనో చంకలోనో గడ్డలు లేస్తే ఇంట్లోవాళ్ళకు అది అర్థమయ్యేది కాదు.

దాని శాస్త్రం మాత్రం క్లిష్టమైనది కాదు. వైరస్ రోగనిరోధక శక్తిని తినేసిన ఒంట్లో క్షయ క్రిములు దాగి ఉన్నా వాటిని ఎదిరించేది ఏదీ ఉండదు. ఎదిరింపు లేదు కనుక వాపూ ఉండదు, ఒక్కోసారి జ్వరమూ ఉండదు. మందు పనిచేసి ఆ శక్తి తిరిగి వచ్చిన రోజున అది ఆ క్రిములను గుర్తుపట్టి ఒక్కసారిగా మీద పడుతుంది. గడ్డలూ జ్వరమూ నొప్పీ ఆ దాడిలోంచి పుడతాయి. మనిషి కోలుకోవడమే జబ్బుగా పైకి కనిపిస్తుంది.

సోంపేట అవతల సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన ఒక తల్లికి నేను ఈ సంగతి చెప్పవలసి వచ్చింది. ఆమె పలాస బజారులో ఎండు చేపలు అమ్మేది. అల్లుడు గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళి, అక్కడి నుంచి జబ్బుతో తిరిగొచ్చి చనిపోయాడు. కూతురు అదే జబ్బుతో పుట్టింటికి చేరింది. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. మొదటిసారి కూతురిని కాటా మీద తూచినప్పుడు ముల్లు ఎక్కడ ఆగిందో వంగి చూసి తల్లి ఒప్పుకోలేదు.

“మీ కాటా తప్పు బాబూ. నాను సేత్తో ఎత్తితే ఇంతకన్నా బరువుంటాది.”

“నన్నూ ఎండుసేపల్లాగే తూత్తావేటమ్మా?” అంది కూతురు. నవ్వితే ఆయాసం వచ్చేది, అయినా నవ్వింది.

మాత్రలు మొదలయ్యాయి. ఏ మార్పు కనిపించినా మాత్రలు ఆపకుండా నా దగ్గరికి రమ్మని ఇద్దరికీ చెప్పాను. మొదటి నెల తరవాత వచ్చినప్పుడు కూతురి బుగ్గలు కొంచెం నిండాయి. “మూడు పూటలా తింతన్నాది, నాకు కూడా మిగల్చకుండా” అని తల్లి ఫిర్యాదు చేసింది. అలాంటి ఫిర్యాదు వినడం ఆ ఉద్యోగంలో అరుదైన సుఖం. ఆ తరవాతి నెల వాళ్ళు రాలేదు.

చివరికి వచ్చినప్పుడు అమ్మాయిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. మెడకు ఎడమవైపు గడ్డలు ఒకదానికొకటి అతుక్కుని చెవి కింద నుంచి భుజం దాకా లేచి ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను అంతకంటే కలవరపెట్టింది ఆమె నోరు. పెదవులు పగిలాయి, నాలుక చెక్కముక్కలా ఉంది.

“నీల్లు ఎందుకు తాగలేదు?” అని అడిగాను. తెలియకుండానే నా నోట కూడా వాళ్ళ మాట వచ్చింది.

“నానే ఇయ్యనేదు బాబూ” అంది తల్లి. “వాపొచ్చినాది కదా. మందు కిడ్నీకి కొట్టేసినాది. మాత్రలు ఆపేసినాను. ఉప్పు మానిపించినాను. గొంతు తడుపుకోడానికి రోజుకో గలాసు, అంతే. కొబ్బరి బొండం కూడా ముట్టనియ్యనేదు.”

ఆ తీరపు ఉద్దానం ప్రాంతం తెలియనివారికి ఇది మూర్ఖత్వంగా తోచవచ్చు. ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బుతో మనిషి పోని ఇల్లు వెతకాలి. అక్షరం రాని ఆడవాళ్ళు సైతం కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌ను ‘కిరాటి’ అంటూ దాని అంకెలు నోటికి చెబుతారు. నొప్పి మాత్రలు మింగి మింగి కిడ్నీలు పోగొట్టుకున్నవారిని చూశారు కనుక, మందు వేసుకున్నాక ఒంట్లో వాపు వస్తే ముందు మందు ఆపాలి, తరవాత నీళ్ళు, ఉప్పు తగ్గించాలి అన్నది వాళ్ళు ప్రాణాలు చెల్లించి నేర్చుకున్న పాఠం. ఈమె భర్త అలాగే పోయాడు. అతనికి ఆలస్యంగా చేసినదాన్ని కూతురికి ముందుగా చేసింది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువే వచ్చింది. తల్లి నా ముఖంలోనే చదివేసింది. “సెప్పినాను కదా” అని గోడకు ఆనుకుని కూలబడింది. అది మాత్రల వల్ల వచ్చింది కాదు, నీళ్ళు లేకపోవడం వల్ల వచ్చింది. సెలైన్ ఎక్కించి మళ్ళీ పరీక్ష చేయిస్తే మామూలు స్థితికి దిగింది. ఆ మాట చెప్పగానే ఆమె వార్డు మధ్యకు వెళ్ళి, కూతురి వైపు చూపిస్తూ పక్క మంచాలవాళ్ళందరికీ వినిపించేలా అంది:

“మా గుంట కిరాటి బాగుందంట! కిడ్నీలు రెండూ బంగారంలాగున్నాయంట!”

“అయితే ఇప్పుడైనా నీల్లు ఇయ్యవే” అంది కూతురు మంచం మీంచి. “ఇన్నాల్లూ ఇసకలో ఎండేసినట్టు ఎండేసినావు.”

పక్క మంచం ముసలమ్మ నవ్వింది. తల్లీ నవ్వింది. గ్లాసు కూతురి నోటికి పట్టి, తాగినంతసేపూ గొంతు కదలడం చూస్తూ నిలబడింది.

గడ్డలోంచి సూదితో తీసిన చీములో క్షయ క్రిములు కనిపించాయి. క్షయ మందులు, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మొదలుపెట్టాను. ఆపిన మాత్రలు ఎప్పుడు తిరిగి వేయాలో ఆలోచిస్తున్నాను. జ్వరం దిగుతోంది, మెడ మెత్తబడుతోంది. కూతురి ప్రాణం దక్కిందని తల్లి నమ్మింది. నేనూ దాదాపు నమ్మాను. అప్పుడు కూతురికి తలనొప్పి మొదలైంది. తరవాత వాంతులు, ఆ వెనకే మగత. పిలిస్తే ఆలస్యంగా కళ్ళు తెరిచేది. మెడలో జరిగిందే లోపల మెదడు పొరల్లోనూ జరుగుతోందని నాకు అర్థమైంది. స్కాను కోసం విశాఖ పంపించాము. అక్కడి నుంచి ఆమె ప్రాణంతో తిరిగి రాలేదు.

కొన్నాళ్ళకు తల్లి ఒక్కతే వచ్చింది. కొంగు ముడి విప్పి, మిగిలిన మాత్రల సీసా బల్ల మీద పెట్టి కూర్చుంది.

“నాను ఆపకపోతే బతికుండునా బాబూ?”

జవాబు కోసం నేను నిజంగానే వెతికాను. మెదడులో ఆ వాపు మాత్రలు ఆపకముందే మొదలై ఉండవచ్చు. ఆపకపోయినా వచ్చి ఉండవచ్చు. గడ్డ కనిపించిన రోజే వాళ్ళు నా దగ్గరికి వచ్చి ఉంటే స్టెరాయిడ్‌తో దాన్ని అడ్డుకోగలిగేవాళ్ళమేమో. ఈ మూడింట్లో ఏది జరిగిందో తేల్చే పరీక్ష లేదు.

“తెలీదమ్మా” అన్నాను. “మీరు ఆపడం వల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేడు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. నన్ను నమ్మకపోవడానికి ఆమె దగ్గర కారణం ఉంది.

“కిడ్నీ సెడినప్పుడు మా ఆయనకి ముందు కాల్లు వాసినాయి. ఏలెట్టి నొక్కితే సొట్ట పడీది. దీనికీ నొక్కి సూసినాను బాబూ, రెండు కాల్లూ. సొట్ట పడనేదు. కర్రముక్కల్లాగున్నాయి. సూసి కూడా ఆపేసినాను.”

బయట సోంపేట బస్సు కోసం ఎవరో కేకలు వేస్తున్నారు. ఆమె లేచి, సీసాను నా వైపు జరిపింది.

“పాడు సెయ్యకండి. ఎవులి పిల్లకైనా ఇచ్చీండి.”

రోగి ఇంటి నుంచి తిరిగి వచ్చిన మాత్రలు మరొకరికి ఇవ్వకూడదు. ఇస్తానని చెప్పాను.