దసరా నాడు తిరిగిన స్టీరింగు

ఈ ఉదయం నేరేడ్‌మెట్‌లోని మా ఫ్లాట్‌లో దసరాకని దేవుడి అర సర్దుతుంటే, కుంకుమ డబ్బీ వెనకున్న ఇనుప బంతి చేతికి తగిలింది. ఒకవైపు కోలగా అరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా గ్రీజు వాసనే. లారీ ముందు చక్రాలను కలిపే కడ్డీ చివర, కీలులో తిరిగే బంతి అది.

నా చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో మా ఇంటిని ఆనుకునే బాపు (నాన్నను మేం అలాగే పిలిచేవాళ్లం) లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. స్టీరింగు పక్కకు లాగుతోందన్నా, వణుకుతోందన్నా డ్రైవర్లు బాపు దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన స్టీరింగును కాస్త అటూ ఇటూ కదిపి రోగం చెప్పేసేవాడు. ఎండాకాలం రేకుల కింద డీజిలు వాసన, కాలిన రబ్బరు వాసన, నానమ్మ ఆరబెట్టిన మామిడి ఒరుగుల వాసన కలగలిసిపోయేవి. వానాకాలం నూనె తేలిన గుంటల్లో రంగులు చూస్తూ కాగితం పడవలు వదిలేవాళ్లం. ఖాళీ లారీ ఎక్కి, చెల్లి టికెట్లు చింపుతుంటే, నేను నోటితోనే బండి నడిపేదాన్ని. పవర్ స్టీరింగు లేని ఆ బండ్లలో, నేను వేలాడినా స్టీరింగు రెండు వేళ్ల మేర కదిలితే గొప్ప.

దసరా నాడు రెంచీలు, జాకీలు కిరసనాయిలుతో కడిగి, బొట్లు పెట్టి పూజలో ఉంచితే మర్నాటిదాకా ఎవరూ ముట్టకూడదు. ఆ విషయంలో నానమ్మ మాటకు బాపు కూడా ఎదురు చెప్పేవాడు కాదు.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పటి దసరాకు డ్రైవర్ యాదగిరి మామ ఇనుప లోడున్న ట్రైలర్‌ను పూజకు తెచ్చాడు. పూజ కాగానే నాగపూర్ ప్రయాణం. స్టీరింగు వదులుగా ఉందని ముందురోజే వస్తే, పండగ హడావిడిలో బాపు కీళ్లలో గ్రీజు కొట్టి పంపేశాడు. ఇంట్లో మటన్ ఉడుకుతోంది. స్టీరింగుకు బంతిపూల దండ కట్టమని నన్ను సీట్లోకి ఎక్కించారు. పట్టుకుని లాగితే జానెడు తిరిగింది.

"బాపూ! నేనే తిప్పిన! జానెడు తిప్పిన!" అని అరిచాను.

యాదగిరి మామ నవ్వాడు. బాపు నవ్వలేదు.

"మళ్ల తిప్పు బిడ్డా," అంటూ టైరు ముందు కూర్చున్నాడు. నేను తిప్పుతూనే ఉన్నాను. టైరు కదలడం లేదు. బాపు లేచి, "తప్పు నాదే యాదగిరీ. నిన్న ఇప్పి చూడాల్సుండె. గ్రీజు నిండేసరికి వదులు తెల్వలే. బండి కదలొద్దు," అన్నాడు.

"రేపటిదాంక ఆగితే సేటు పరేషాన్ చేస్తడన్నా. మెల్లగ పోతలే."

"నిర్మల్ ఘాట్‌ల నువ్వు తిప్పినంక టైరు తిరగకపోతే ఏం జేస్తవ్?"

అంతమందిలో బాపు తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన పూజలో ఉన్న పనిముట్ల వైపు చూసి, నానమ్మ వైపు చూశాడు. ఆమె వెళ్లి పెద్ద రెంచీ తీసి, కుంకుమను కొంగుతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది.

"ఆనికి గూడ పిల్లలున్నరు. ఇప్పు," అంది.

విప్పుతుండగానే బంతి గూట్లోంచి దానంతటదే ఊడి బాపు అరచేతిలో పడింది. యాదగిరి మామ చొక్కా విప్పి తనూ పనిలోకి దిగాడు. కొత్త కీలు బిగించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేసరికి సాయంత్రమైంది. ఆ రోజు చల్లారిన మటనే అందరం కలిసి తిన్నాం.

ఇప్పుడు షెడ్డున్న చోట ఫర్నిచర్ దుకాణం ఉంది. పెద్ద ట్రైలర్ల స్టీరింగులు కూడా ఒంటిచేత్తో తిరుగుతున్నాయి. నానమ్మ లేదు, బాపూ లేడు. బతికున్నన్నాళ్లు ప్రతి దసరాకూ ఆయన రెంచీల కంటే ముందు ఈ బంతికే బొట్టు పెట్టేవాడు. ఆ రెంచీలన్నీ ఎటు పోయాయో తెలియదు. ఆయన చేసిన తప్పు మాత్రం నా దేవుడి అరలో ఉంది. కడిగి, తుడిచి, తొలి బొట్టు దానికే పెట్టాను.