సిస్టర్ అగ్నేసమ్మ ముట్టని చెంబు

"నీళ్లన్న తాగి పో, సిస్టర్."

"ఇవాళ వద్దండి, తెరేసమ్మ గారూ."

"ఏ శుక్రారమన్న తాగినవా? పో మరి, బస్సు పోతది."

"వస్తానండి."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. ఆ మాటలన్నప్పుడు నేను ఆమె ముఖం కూడా చూడలేదు, చాటలో పల్లికాయ చూస్తున్నాను. తర్వాతి మంగళవారం వనపర్తిలోని సిస్టర్ల మఠం నుంచి ఫోను వచ్చింది. సిస్టర్ అగ్నేసమ్మ పొద్దుటి ప్రార్థనలో కూర్చున్న చోటే ఒరిగిపోయిందన్నారు. నేను నమ్మలేదు. ఫోన్లో ఎవరేం చెప్పినా నేను ముందు నమ్మను. ఆ మఠానికే మళ్లీ ఫోను చేయించి, ఇంకొకరి నోట విన్నాకనే నేల మీద కూలబడ్డాను.

ఆమె నలభై రోజుల పూజకు మా చర్చి విచారణవాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆమె దగ్గర మనసు విప్పుకున్నవాళ్లు తలా కొంత చెప్పాలన్నారు. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెబుతుంటే మా మరిది కూతురు సుజాత రాస్తోంది. "పరమపదించిన పుణ్యమూర్తి" అని మొదలుపెట్టింది. పుణ్యమూర్తే, కాదనను. కానీ ఆ పుణ్యమూర్తికి నేనొక అబద్ధం చెప్పాను. ఆమె బతికుండగా దాన్ని సరిచేయలేదు. ఈ కాగితంతో నాకున్న పని అదొక్కటే.

మా ఆయన ఇన్నయ్య పోయిన మూడో వారం ఆమె మొదటిసారి మా ఇంటికి వచ్చింది. గోపాల్‌పేటలో బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చింది. ఆమెది కృష్ణ అవతలి ఊరు. ముప్పై ఏండ్లు ఇక్కడున్నా ఆ యాస పోలేదు. నన్ను "గారూ" అంది. మా వాడలో ఆడదాన్ని గారు అనేది ఓట్లప్పుడే.

"ఏం గావాలె?" అన్నాను.

"ఏమీ వద్దండి. కాసేపు కూర్చుంటాను."

"కూసుంటే ఏమొస్తది?"

"చూద్దామండి" అని చాట దగ్గరికి లాక్కుని పల్లికాయ ఒలవడం మొదలుపెట్టింది. పోయేటప్పుడు నీళ్లు అడిగి, చెంబెత్తి గటగటా తాగింది. అది నేను గుర్తు పెట్టుకున్నాను. మా చెంబు ముట్టనివాళ్లను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వచ్చేది. ఒకరోజు అడిగేశాను, "పాపాలు ఫాదర్‌కు చెప్తం గద, నీకెందుకు చెప్పాలె?" అని.

"పాపక్షమాపణ నా చేతిలో లేదండి, అది ఫాదర్ గారి పని. మీ మనసు దేవుని వైపు ఎప్పుడు పోతోంది, ఎప్పుడు ముఖం తిప్పుకుంటోంది, అది ఇద్దరం కలిసి చూద్దామని వస్తున్నాను."

ఇది చెయ్యి, అది మానెయ్యి అని ఒక్కనాడూ చెప్పలేదు. జపమాల పట్టుకుంటే నిద్రొస్తుందంటే, "రానివ్వండి. నిద్రకు ముందు ఆయనతో ఏమన్నారు?" అని అడిగింది.

"ఏమంట? నా మొగన్ని ఎందుకు తీస్కపోయినవ్ అన్న."

"అది ప్రార్థనేనండి. దేవుని ముందు మంచిగా కనబడాలని తొందరపడకండి. ఉన్నట్టే ఉండండి."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకే అనుమానం వచ్చింది. ఇంత ఓపికగా వినేవాళ్లు విన్నదంతా తీసుకుపోయి ఎక్కడ పెడతారు? ఆమె నెలకొకసారి గద్వాల బస్సెక్కి ఒక ముసలి ఫాదర్ దగ్గరికి పోయేది. ఎందుకని అడిగితే, "నా మనసు చూసేవాళ్లు నాకూ ఒకరుండాలి కదండి. నా వీపు నాకు కనబడదు" అంది. నాకు మాత్రం ఒకటే తట్టింది. నా ముచ్చట్లన్నీ గద్వాలకు చేరుతున్నాయి.

అందుకే పరీక్ష పెట్టాను. లేని మాట ఒకటి కల్పించి ఆమెకొక్కదానికే చెబుతాను, అది ఊళ్లో నల్లా దగ్గర వినబడిందా, ఆమె గుట్టు బయటపడినట్టే. మా ఆయన పోయేనాడు నీళ్లడిగితే ఇవ్వలేదని, గోడ దిక్కు తిరిగి కూర్చున్నానని చెప్పాను. ఏడుపు కూడా తెచ్చుకున్నాను. సిస్టర్ చేతిలోని కాయ ఒలవకుండా అట్లాగే పట్టుకుంది. చివరికి, "ఆ దాహాన్ని ఇక మీరొక్కరే మోయకండి" అంది.

ఆ ఆదివారం ఫాదర్ ప్రసంగమంతా ప్రభువు బావి దగ్గర నీళ్లడిగిన సంగతే. బయటికి రాగానే సుజాతను పట్టుకున్నాను.

"జూసినవా? నా ముచ్చటే జెప్పిండు."

"పెద్దమ్మా, గది ఈస్టర్ ముందటి తపస్సుకాలంల సదివే బైబిల్ పాఠం. ఇయ్యాల అన్ని గుళ్లల్ల గదే సదువుతరు."

"అన్ని గుళ్లల్ల చెప్పిందా?"

సుజాత చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది.

నెలలు గడిచాయి. నల్లా దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. నా పరీక్షలో ఆమె నెగ్గింది. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెప్పనివ్వనిది ఆ చెంబు. నేను అబద్ధం చెప్పిన మరుసటి వారం నుంచి ఆమె మా ఇంట్లో నీళ్లు ముట్టడం మానేసింది. వైశాఖపు ఎండలో పెదవులు పగిలి వచ్చి కూడా "ఇవాళ వద్దండి" అనేది. మొగుడికి నీళ్లివ్వని చేతి నీళ్లు ఈమెకు రోత అనుకున్నాను. నోటితో ఓదారుస్తుంది, చెంబు మాత్రం ముట్టదు. సరే, నీ సంగతి చూస్తానని, నేను పంతంతో ప్రతి శుక్రవారం చెంబు తెచ్చి ఆమె ముందర పెట్టేదాన్ని. రెండేళ్లు పెట్టాను.

సమాధి చేసిన రోజు, పూజకు ముందు మఠం వంటింట్లో చిన్న సిస్టర్ ఒకామె నాకు చాయ్ ఇచ్చింది. ఆమెది ధరూర్ వైపు. "మీ పెద్ద సిస్టర్ మా ఇంట్ల నీళ్లు తాగకపోతుండె" అన్నాను, దెప్పినట్టే.

"శుక్రారం ఆమె యాడ గూడ తాగకపోతుండె, అమ్మా. ఈడ గూడ పొద్దుగూకేదాంక సుక్క ముట్టకపోతుండె. బీపీ ఉన్నది, తాగు అంటే ఇనకపోతుండె. ఒకామె మోస్తున్న దాహం ఉన్నది, అండ్ల నేను గింత మోస్త అంటుండె."

"ఎవరంట ఆమె?"

"పేరు చెప్పలే. ఎన్నిసార్లు అడిగినా చెప్పలే."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లు దాటింది."

కప్పు కింద పెట్టాను. "గందుకే పోయిందా?"

"కాదమ్మా, గుండె. డాక్టర్ జెప్పిండు."

ఆ డాక్టర్ మాట నేను ఈరోజుకీ పూర్తిగా నమ్మడం లేదు. శవపేటిక మీద దీవించిన నీళ్లు చల్లే వరుసలో నా వంతు వచ్చింది. చేయి లేవలేదు. "సల్లు అక్కా, ఎన్క మంది ఉన్నరు" అంది నా వెనకామె. చల్లకుండానే పక్కకు జరిగాను.

ఇప్పుడు నిజం. మా ఆయనకు కిడ్నీలు పోయాయి. రోజుకు చిన్న గ్లాసుకు మించి నీళ్లు ఇవ్వొద్దని దవాఖానలో నాకొక్కదానికే చెప్పారు. ఆ మధ్యాహ్నం ఆయన "తెరేసా, జర నీళ్లియ్యే" అన్నాడు. నాలుగుసార్లు అన్నాడు. చెంబు నిండా ఇచ్చాను. మొత్తం తాగి "సల్లగున్నదే" అన్నాడు. పొద్దుగూకక ముందే పోయాడు. ఇచ్చింది తప్పా, ఇవ్వకపోతే తప్పా, నాకు తెలియదు. ఆమెను అడగాల్సింది అదే. అడగడానికి ధైర్యం చాలక తలకిందులు చేసి చెప్పాను, దానికి పరీక్ష అని పేరు పెట్టుకున్నాను. జరగని ఆ పాపం కోసం ఆమె రెండేళ్లు గొంతు ఎండబెట్టుకుంది.

"పెద్దమ్మా, గిది గూడ రాయాల్నా? పుస్తకం అందరు సదువుతరు" అంటోంది సుజాత.

"గందుకే రాయి."

అటువంటి మనిషి మా వాడకు మళ్లీ రాదు. ధరూర్ సిస్టర్ శుక్రవారాలు తను వస్తానంది. రానీ. ఆమెను కూడా అనుమానంగానే చూస్తాను, నా పుట్టుకే అంత. కానీ చెప్పేది మాత్రం నిజమే చెబుతాను. అగ్నేసమ్మ గారూ, నువ్వు ఉన్నన్నాళ్లూ నేను నిన్ను గారు అనలేదు. ఇన్నయ్య దాహంతో పోలేదు. నేను నీళ్లిచ్చాను. నీ ఉపవాసం విడువు, నా చెంబు నీ ముందరే ఉంది.

ఏందే, పెన్ను ఆగింది? నేను చెప్పినట్టే రాసినవా, పుణ్యమూర్తి గిట్ల మల్ల ఏమన్న కలిపినవా? ఏదీ, సదువు. మొదట్ల నుంచి వద్దు బిడ్డా, నీళ్లిచ్చిన కాడ్నుంచి సదువు.