నీళ్ల అంచు కట్టు

బొగ్గుగనిలో నేను సర్వే విభాగంలో చైన్‌మన్‌ని. టేపు పట్టడం, లెవెల్ చూడటం, సర్వేయర్ వెనకాల పాత గ్యాలరీల్లో, అంటే నేల కింది సొరంగాల్లో, నడవడం నా పని. డెబ్బైల మొదట్లో ఒక కాలేజీ ప్రొఫెసర్ గోదావరిఖని వచ్చి, చీకటికి భయపడని మనిషి కావాలని అడిగితే పదిహేను రోజుల పనికి నన్ను పంపారు. మంచిర్యాలలో రైలెక్కి, గుజరాత్ సముద్రపు ఒడ్డున ఉన్న సున్నపురాయి గుహలకు పోయాం.

గుహ కప్పు నుంచి రాతి ఊడలు వేలాడుతున్నాయి. సున్నపు నీళ్లు బొట్టుబొట్టుగా కారి, వేల ఏళ్లకు రాయి అయినవి. అడుగున మడుగు. సముద్రం పెరిగితే అదీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఒకప్పుడు సముద్రం ఎంత ఎత్తున ఉండేదో ఈ ఊడలే చెబుతాయని సార్ నమ్మకం. ఎట్లా చెబుతాయో ఆయనకింకా చిక్కలేదు. వారం రోజులు ఊడలు విరిచి, నంబర్లు రాసి, పెట్టెల్లో సర్దాం.

ఎనిమిదో రోజు ఒక ఊడ నడుమ బుడిపె కనిపించింది. పక్కదానికీ ఉంది, అవతలి గోడ దగ్గరి దానికీ ఉంది. నీళ్లు నింపిన సన్న గొట్టంతో మట్టం చూస్తే అన్నీ ఒకే ఎత్తు.

“సార్, గీ బుడిపెలు నీళ్ల అంచున పుట్టినయి,” అన్నాను. “మా పాత గ్యాలరీల నీళ్లు నిలవడితె, ఇనుప పైపుకు అంచు కాడ తెల్లగ సున్నపు కట్టు కడ్తది. నీళ్లు ఇంకింత లేస్తె పైన ఇంకో కట్టు. అప్పట్ల సముద్రం గిక్కడిదాక ఉండె.”

ఆయన టార్చి వేసి ఒక్కో బుడిపే చూశారు. “నువ్వు లెవెల్ పట్టు చాలు. ఆలోచించడం నాకొదిలెయ్,” అన్నారు.

ఆ సాయంత్రం నోట్‌బుక్కులో రాసుకుంటూ, ఆ పైపు ఎంత లావు, కట్టు ఎంత మందం అని మూడుసార్లు అడిగారు. సంబరపడి చెప్పాను.

రెండేళ్లకు ఆయన మా గని క్లబ్బులో ఉపన్యాసం ఇచ్చారు. ఆఫీసర్లు కుర్చీల్లో, మేము వెనక నిలబడి. తెర మీద గుహలో తీసిన ఫొటో పడింది. బుడిపె పక్కన టేపు పట్టిన చెయ్యి. నాదే. మనిషిని కత్తిరించేశారు.

“బొగ్గుగనిలో తిరుగుతూ ఒక పాత పైపు మీద తెల్లటి కట్టు చూశాను. అప్పుడే తట్టింది నాకు,” అన్నారు సార్. ఆయన మా గనిలో దిగింది ఒక్కసారే, అదీ నీళ్లే నిలవని కొత్త గ్యాలరీలో.

చెయ్యెత్తాను. “సార్, ఆ పైపు ఏ గ్యాలరీల చూసిన్రు?”

“ఇక్కడే ఎక్కడో. గుర్తులేదు.”

ముందు వరుసలో ఎవరో నవ్వారు. మా సర్వేయర్ నా భుజం నొక్కి, “ఊకో తమ్మీ. రేపు నీకు మొదటి షిఫ్టు,” అన్నాడు. ఊరుకున్నాను. ఇప్పటికీ మింగుడుపడనిది ఆ ఊరుకోవడమే.

ఇంటికొచ్చి చెబితే నా భార్య బియ్యం చెరుగుతూ, “ఆయన అడిగిండా, నువ్వే చెప్పినవా?” అంది.

“నేనే చెప్పిన.”

“మరింకేంది,” అని మళ్లీ చాట అందుకుంది.

మరుసటేడు నన్నే పంపమని ఆయన ఉత్తరం రాశారు. కడుపునొప్పని దవాఖాన చీటీ తెచ్చి తప్పించుకున్నాను. వేరే చైన్‌మన్ వెళ్లాడు. తిరిగొచ్చాక, “సార్ నీ గురించి అడిగిండన్నా,” అన్నాడు.

“ఏమని?”

“పాత గ్యాలరీల ముచ్చట ఇంకేమన్న చెప్తడా అని.”

చెప్పడానికి ఉంది. నీళ్లు లేచేటప్పుడు పడే కట్టు వేరు, దిగేటప్పుడు పడేది వేరు. చేత్తో తడిమితే తెలుస్తుంది. నేనెవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు, కప్పు కూలకుండా ఆ గ్యాలరీని ఇసుకతో నింపేశారు.