బంతిపువ్వు పెట్టిన పేజీ

పుస్తకం చూసి రాసే పరీక్షలో కూడా తెల్లమొహం వేసిన మనిషిని చూడాలనుంటే నన్ను చూడండి. కాకినాడలో ఆ ఘనకార్యం చేసొచ్చాను.

మా ఆఫీసు పెద్దాపురంలో. సూపరింటెండెంట్ కావాలంటే డిపార్ట్‌మెంట్ టెస్ట్ రెండు పేపర్లూ పాసవ్వాలి. పరీక్ష కంప్యూటర్ మీదే అయినా, రూల్స్ పుస్తకం హాల్లోకి తీసుకెళ్ళొచ్చు. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ పుస్తకం ఇటుకంత లావు. ఏది ఎక్కడుందో తెలియకపోతే వెతుక్కుంటూనే టైమైపోతుంది. కిందటిసారి నాకు అదే జరిగింది. ఈసారీ తప్పితే, నా దగ్గర పని నేర్చుకున్న చంటిబాబు నాకు ఆఫీసరవుతాడు. అతనూ రాస్తున్నాడు మరి!

అందుకని పేజీలకి అంటించే రంగు స్లిప్పులు కొన్నాను. సెలవులకి పచ్చ, పెన్షన్‌కి గులాబీ, ప్రయాణ భత్యానికి నీలం. స్లిప్పు మీద రాత ఉంటే హాల్లో ఒప్పుకోరని ఏ రంగు దేనికో బట్టీ పట్టాను. నెలంతా అదే పని. పుస్తకం పెళ్ళిపందిరిలా తయారైంది.

చంటిబాబు చూసి నవ్వాడు. "ఎందుకు మేడమ్ ఇంత శ్రమ? అదృష్టం ఉంటే పుస్తకం దానంతటదే తెరుచుకుంటుందండి."

"అదృష్టం సోమరిపోతుల మాట బాబూ. ముందు నీ సెలవులు తగ్గించు" అన్నాను. వారానికో లీవ్ లెటర్ పెడతాడు మహానుభావుడు.

పరీక్ష రోజు పొద్దున్న అత్తయ్యగారు బ్యాగు చేతికిచ్చారు. "పుస్తకం అమ్మవారి దగ్గర పెట్టి తీశానమ్మా. లోపలే ఉంది." బస్సు వెళ్ళిపోతుందని పరిగెత్తాను. నెలంతా ప్రిపేరయినదాన్ని, బ్యాగు జిప్పు తీసి చూడలేదు!

హాల్లో ఇన్విజిలేటర్ నా పుస్తకం తిరగేశాడు. "ఇదేంటండి?"

ఈ ప్రశ్నకి ముందే సిద్ధంగా ఉన్నాను. "స్లిప్పులండి. ఒక్క అక్షరం కూడా రాయలేదు."

"స్లిప్పులెక్కడున్నాయండీ? నేను పువ్వు గురించి అడుగుతున్నాను."

చూశాను. అట్ట మీద పసుపు, కుంకుమ. లోపల ఒకే ఒక్క బంతిపువ్వు. స్లిప్పు అన్నది లేదు! ఆయన పువ్వుని కళ్ళకద్దుకుని, మళ్ళీ అదే పేజీలో పెట్టి ముందుకెళ్ళిపోయాడు.

పరీక్ష మొదలైంది. పెన్షన్ ప్రశ్న వచ్చింది. గులాబీ రంగు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. పేజీలు తిప్పీ తిప్పీ విసుగొచ్చి, చివరికి పువ్వున్న చోట తెరిచాను. సెలవుల చాప్టర్! స్క్రీన్ మీద వరసగా సెలవుల ప్రశ్నలే మొదలయ్యాయి. టకటకా జవాబులు పెట్టేశాను. నిజం చెప్పాలంటే వాటికి పుస్తకం కూడా అక్కర్లేకపోయింది. మిగతావి కొన్ని వెతికి, కొన్ని దేవుడి మీద భారం వేసి పెట్టాను.

ఇంటికి రాగానే అడిగాను. "అత్తయ్యగారూ, నా స్లిప్పులేవండీ?"

"ఆ కాగితం ముక్కలా? దేవుడి దగ్గర పెట్టే పుస్తకం శుభ్రంగా ఉండాలని కూర్చుని పీకేశానమ్మా. ఒక్క పేజీ చిరగలేదు, తెలుసా!"

చెత్తబుట్టలోకి తొంగి చూశాను, నెల కష్టం రంగురంగులుగా ఉంది.

నిన్న రిజల్ట్ వచ్చింది. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. చంటిబాబు తప్పాడు.

"చూశావా పువ్వు మహిమ!" అన్నారు అత్తయ్యగారు. కాలేజీ చదువు చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను. పుస్తకాన్ని బల్ల మీద నిలబెట్టి వదిలాను. సెలవుల పేజీ దగ్గర తెరుచుకుంది. మళ్ళీ వదిలాను. మళ్ళీ అదే! చంటిబాబు లీవ్ లెటర్ పెట్టినప్పుడల్లా నేను విప్పే పేజీ అదే. ఇన్నేళ్ళకి అక్కడ బైండింగు విరిగిపోయింది. అత్తయ్యగారు పుస్తకం విప్పితే అదే తెరుచుకుంది, పువ్వు పెట్టేశారు.

"కాబట్టి ఇది అదృష్టం కాదండీ, నా చదువు!" గర్వంగా చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నారు. "అలాగా. మరి మిగతా చోట్ల ఎందుకు విరగలేదమ్మా?"

నెలంతా అంటించాను గానీ, చదివిందెక్కడ? చదివినట్టు అనిపించడానికి ఆ రంగులే చాలాయి.

రెండో పేపరు ఇంకా ఉంది, దానికీ ఇదే పుస్తకం. ఈసారి స్లిప్పులు కొనలేదు. పుస్తకం కనీసం నాలుగు చోట్ల విరిగేదాకా చదువుదామని కూర్చున్నాను.

అత్తయ్యగారికి కూడా చెప్పాను, నాలుగు పువ్వులు తెమ్మని.