మబ్బుల్లేని పెళ్లిచూపులు

ఈ ఎడారి దేశానికొచ్చి అల్ రాయ్‌లో కార్ల వర్క్‌షాపులో పనిచేసే ఆ రోజుల్లో, ఆకాశం గురించి నాకు తెలిసింది ఒక్కటే: అది తలెత్తి చూడదగ్గ వస్తువు కాదు. అలాంటి ఆకాశం నా పెళ్లిని చెడగొట్టబోయిందంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఏడుపొక్కటే తక్కువ.

మదనపల్లె వైపు సంబంధం. పెళ్లిచూపులు వీడియో కాల్‌లో. మహబూలాలోని మా గదిలో ఫోను ఎటు తిప్పినా మంచం మీద మంచం, తాళ్ల మీద ఆరేసిన బనియన్లు (మర్యాదకు బనియన్లంటున్నాను). అందుకని గదిలో అందరికీ పెద్దవాడు, మేము బాబాయి అని పిలిచే ఆయన, తన కోటు నాకు తొడిగి, జూలై ఎండలో మేడ మీద నిలబెట్టాడు. వెనక ఆకాశముంటే దర్జాగా ఉంటుందని ఆయన లెక్క.

ఫోన్‌లో పిల్ల, వాళ్ల నాన్న, అవ్వ కనిపించారు. అవ్వ నన్ను వదిలేసి నా వెనక్కే చూసింది. "యెనక నీలం గుడ్డ కట్టినాడే. ఆకాశమైతే ఒక్క మబ్బన్నా ఉండదా?" అంది. వాళ్ల ఊళ్లో ఒకడు బెంగళూరులో ఉంటూ దుబాయ్‌లో ఉన్నానని చెప్పి పెళ్లి చేసుకున్నాడట. పిల్ల నాన్న మొహం ముడుచుకుంది. సూర్యుణ్ని చూపించమని బాబాయి పక్కనుంచి గిల్లాడు. చూపిస్తే తెరంతా తెల్లబడి, అనుమానం ఇంకా బలపడింది.

అప్పుడు పిల్ల నోరు విప్పింది. "సముద్రం పక్కనే ఉండాది కదా, మబ్బులెందుకు లేవు?"

నేను చదివిన డిప్లొమాలో మబ్బులు లేవు. "ఇక్కడ మబ్బులకు ఇఖామా ఇయ్యరండీ" అన్నాను. (ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. అది లేనివాడు పోలీసు కనిపిస్తే సందులో దూరతాడు.) వాళ్ల నాన్న నవ్వలేదు. నిదానంగా, "నీకుండాదా నాయనా?" అని అడిగాడు.

పిల్ల మాత్రం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె బడిలో సైన్సు టీచరు. (బాబాయి ఆ ముక్క నాకు చెప్పనేలేదు.) అది ఆకాశమేనని అవ్వకు నచ్చజెప్పింది. వేసవిలో ఆ ఎడారి మీద గాలి పైనుంచి కిందికి దిగుతుందట, దిగేకొద్దీ నలిగి వేడెక్కుతుందట. సముద్రపు తేమ దాన్ని దాటి పైకెక్కి చల్లబడితేనే కదా మబ్బు కట్టేది. "తేమ లేక కాదవ్వా. చూడు, అంతా ఆయన కోటులోనే ఉండాది" అంది.

అవ్వ ఫోను దగ్గరికి లాక్కుని నన్ను పరీక్షగా చూసి, ఇంత చెమట బెంగళూరులో పట్టదని తేల్చింది. సంబంధం ఖాయమైంది.

ఇప్పుడు ఇక్కడే, ఎగైలాలో కాపురం. గాలి దిగే సంగతి మా పాపకు నేనే చెబుతుంటాను, మా ఆవిడ వంటింట్లోంచి తప్పులు దిద్దుతుంటుంది. ఆ రోజు ఫోను పెట్టేశాక కూడా కిందికి దిగకుండా, ఆ ఖాళీ ఆకాశాన్ని చూస్తూ ఒంటరిగా నవ్వుకున్న కుర్రవాడు గుర్తొస్తే, వాడి మీద కొంచెం అసూయగా ఉంటుంది.